నొప్పులు మొదలయ్యే రాత్రి పెద్దపిల్లలు ఎవరి దగ్గర?

పోయిన ఎపిసోడ్ చివర్లో అజ్మాన్ నుంచి ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్ విన్నారు కదా. "అన్నా, మా ఆమెకి ఎనిమిదో నెల నడుస్తుంది. బాబుకి మూడేండ్లు. ఆసుపత్రి, ఇన్సూరెన్స్, పైసలు అన్నీ చూసుకున్న. కానీ నొప్పులొచ్చిన రాత్రి బాబుని ఎవరి దగ్గర పెట్టాలె?" అని అడిగాడు. నేను రెండు నిమిషాల్లో ఏదో చెప్పేశాను. తర్వాత రికార్డింగ్ విన్నాక అది సరిపోదనిపించింది. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ఊళ్ళో అయితే ఈ ప్రశ్నే రాదు. రాత్రి రెండింటికి నొప్పులొచ్చినా పిల్లలు నిద్రలోనే ఉంటారు, నాయనమ్మ పక్కన పడుకుంటుంది, తెల్లారి లేచాక పక్కింటివాళ్ళు ఇంత అన్నం పెడతారు. ఇక్కడ షార్జాలో, దుబాయ్‌లో ఒక సింగిల్ బెడ్రూం ఫ్లాట్‌లో మొగుడు, పెళ్ళాం, పిల్లలు, అంతే. మొదటి కాన్పుకి ఇద్దరూ తలుపు తాళం వేసి వెళ్ళిపోతారు. రెండో కాన్పుకి తాళం వేయడం కుదరదు, లోపల ఒక పిల్ల నిద్రపోతుంటుంది.

మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తా. 2017 ఆగస్టు. పాపకి నాలుగేళ్ళు. నాకు జెబెల్ అలీలో సైట్, ఇల్లు షార్జా అల్ నహ్దాలో. ఎండాకాలం గనక కాంక్రీట్ అంతా రాత్రిపూటే పోసేవాళ్ళం. ఆ రాత్రి రాఫ్ట్ కాస్టింగ్. పన్నెండున్నర దాటాక ఇంటి నుంచి ఫోన్: "నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నయి." డాక్టర్ ఇచ్చిన తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది. పాపని చూసుకుంటామని మా బిల్డింగ్‌లోనే ఒక తెలుగు కుటుంబం మాటిచ్చారు. "ఎప్పుడైనా తలుపు కొట్టండి అన్నా, అర్ధరాత్రైనా సరే" అన్నారు. మంచివాళ్ళే. కానీ ఆ అక్క వారం ముందే పిల్లల్ని తీసుకుని ఇండియాకి పోయింది, స్కూలు సెలవులు కదా. నాకు తెలియదు, నేను అడగలేదు. వాళ్ళాయన నైట్ డ్యూటీలో ఉన్నాడు.

మా ఆమె పాపని లేపి, చెప్పులు తొడిగి, టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళింది. లేబర్ రూంలోకి పిల్లని రానివ్వరు, అది వాళ్ళ నియమం, తప్పు పట్టడానికి లేదు. ఒక ఫిలిప్పీన్స్ నర్సమ్మ పాపని రిసెప్షన్ దగ్గర కూర్చోబెట్టి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చిందట. సైట్ అప్పజెప్పి నేను చేరేసరికి రెండూ ఇరవై. బాబు అప్పటికే పుట్టాడు. పాప ఆ కుర్చీలో అమ్మ బ్యాగు పట్టీని చేతికి చుట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. బిస్కెట్ ప్యాకెట్ విప్పలేదు. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు రాత్రిళ్ళు లేచి అమ్మ పక్కన ఉందో లేదో చేత్తో తడిమి చూసుకునేది.

2022లో మూడో కాన్పు వచ్చేసరికి నేను వేరేగా చేశాను. ఇక్కడ చెప్పేవన్నీ ఆ రెండు కాన్పుల మధ్య నేర్చుకున్నవే.

ముందుగా టైం సంగతి. డాక్టర్ చెప్పే తేదీ ఒక అంచనా మాత్రమే. సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు చాలా తక్కువ. 37 వారాలు నిండితే ఏ రోజైనా రావచ్చు, అంతకు ముందూ రావచ్చు. అందుకని పిల్లల ఏర్పాటు తేదీకి కాదు, 36వ వారానికల్లా పూర్తి కావాలి. రెండోది, మొదటి కాన్పుకి నొప్పులు పన్నెండు గంటలో, ఇంకా ఎక్కువో పట్టొచ్చు కానీ రెండోది, మూడోది చాలామందికి త్వరగా అయిపోతుంది. మొదటిసారి రాత్రంతా కూర్చున్నాం కదా, ఈసారీ టైం ఉంటుందిలే అనుకోవడమే మనం చేసే పెద్ద పొరపాటు. మొదటి కాన్పుకి నొప్పులు అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలా వస్తుంటే బయల్దేరమంటారు. ఇంతకుముందు కాన్పు అయినవాళ్ళని అంతదాకా ఆగొద్దంటారు. మీ ఆమె విషయంలో ఎప్పుడు బయల్దేరాలో చెకప్‌కి వెళ్ళినప్పుడే అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా లెక్కలు వద్దు, వెంటనే బయల్దేరాలి. అప్పుడు పిల్లల కోసం ఫోన్లు చేస్తూ కూర్చునే టైం ఉండదు.

పెద్ద కాస్టింగ్ ఉన్న రోజు సైట్లో స్టాండ్‌బై పంపు లేకుండా మొదలుపెట్టం. నడిచే పంపు మంచిదే, కానీ సగంలో ఆగిపోతే కాంక్రీట్ గట్టిపడి మొత్తం పని పాడవుతుంది. ఇక్కడా అంతే. మాటిచ్చిన మనిషి మంచివాడే, కానీ ఫోన్ సైలెంట్‌లో ఉండొచ్చు, ఇండియా పోయి ఉండొచ్చు, వాళ్ళ పిల్లకే జ్వరం రావచ్చు. కనీసం ముగ్గురు ఉండాలి, ముగ్గురి పనీ ఒకటి కాదు.

ఒకరు, పిలిస్తే పది నిమిషాల్లో చేరేవాళ్ళు. వీళ్ళు చుట్టాలే కానక్కర్లేదు, మన భాషవాళ్ళే కానక్కర్లేదు, దగ్గర ఉండాలంతే. మాకు పక్క ఫ్లాట్ మలయాళీ చేచ్చి. ఆమెకి తెలుగు రాదు, మా ఆమెకి మలయాళం రాదు, ఇద్దరూ హిందీలోనే తిప్పలు పడేవాళ్ళు. దేరాలోనో, రసల్ ఖైమాలోనో ఉన్న సొంత మేనత్త కొడుకు కన్నా ఆ రాత్రికి ఆ చేచ్చే దగ్గరి చుట్టం. ఇంకొకరు, రెండు మూడు రోజులు పిల్లల్ని ఇంట్లో ఉంచుకోగలిగినవాళ్ళు. మామూలు కాన్పు అయితే ఒకటి రెండు రోజుల్లో పంపిస్తారు, ఆపరేషన్ అయితే మూడు నాలుగు రోజులు. ఆపరేషన్ అవుతుందనే అనుకుని ఏర్పాటు చేసుకోండి, కాకపోతే సంతోషం. మూడో మనిషి ఈ ఇద్దరూ ఎత్తకపోతే ఫోన్ చేయడానికి.

అడిగే పద్ధతి కూడా చెప్పాలి. మనవాళ్ళం మొహమాటంతో "కొంచెం చూసుకోండి అక్కా" అంటాం, వాళ్ళు "అయ్యో, దాందేముంది" అంటారు. అది మాట ఇచ్చినట్టు కాదు. నేను మూడోసారి చేచ్చి దగ్గరికి వెళ్ళి, వాళ్ళాయన కూడా ఇంట్లో ఉన్నప్పుడు, సూటిగా అడిగాను. నవంబర్ మొదటి వారం నుంచి నెలాఖరు దాకా ఊరెళ్ళే పని ఉందా? రాత్రి ఫోన్ సౌండ్ పెట్టి పడుకుంటారా? ఇద్దరు పిల్లలు రెండు రాత్రులు ఉంటే ఇబ్బందా? అడిగినందుకు ఆమె ఏమీ అనుకోలేదు. పైగా "అరుగురు పడుకోవడానికి చోటు చాలదు, అందుకని నేనే మీ ఇంటికొచ్చి పడుకుంటా" అంది. అది మాకు తట్టనే లేదు. పిల్లలు నిద్ర లేవనవసరం లేదు, తెల్లారి వాళ్ళ పళ్ళెం, వాళ్ళ బట్టలు, వాళ్ళ స్కూల్ బ్యాగు అన్నీ అక్కడే. కుదిరితే మీరూ అలాగే చేయండి. మనిషి మీ ఇంటికి రావాలి, పిల్లలు ఇంకో ఇంటికి పోవడం కన్నా అది నయం.

జూలై, ఆగస్టుల్లో తేదీ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. గల్ఫ్‌లో ఆ రెండు నెలలు బిల్డింగులు సగం ఖాళీ. ఎవరు ఏ తేదీన పోతున్నారో, టికెట్ ఎప్పటికో అడిగి రాసుకోండి.

కొన్ని పనులు అసలు చేయకూడదు. "పడుకున్నారు కదా, గంటలో వస్తా" అని పిల్లల్ని ఒక్కళ్ళనే ఫ్లాట్‌లో పెట్టి తాళం వేయొద్దు. యూఏఈలో పిల్లల హక్కులకి 2016లో వచ్చిన వదీమా చట్టం ఉంది, పిల్లల్ని అలా వదిలేయడం దాని కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, బాల్కనీ ఉంది, గ్యాస్ ఉంది, ఎత్తైన అంతస్తు ఉంది. రెండోది, ఎవరో చెప్పారని విజిట్ వీసా మీద ఉన్న మనిషినో, వేరే కంపెనీ వీసా మీద ఉన్న మనిషినో జీతానికి ఆయాగా పెట్టుకోవద్దు. పర్మిట్ లేకుండా ఇంటి పనికి మనిషిని పెట్టుకుంటే ఆ చట్టంలో జరిమానా 50 వేల దిర్హాముల నుంచి మొదలవుతుంది. నెలకి వెయ్యి మిగులుతుందని చూస్తే అంత కట్టాల్సి వస్తుంది. స్నేహంగా పక్కింటావిడ ఒక రాత్రి కూర్చోవడం వేరు, జీతమిచ్చి పెట్టుకోవడం వేరు. మూడోది కాస్త చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్తున్నా. బ్యాచిలర్లు ఉండే రూంలో పిల్లల్ని, ఆడపిల్లైనా మగపిల్లాడైనా, రాత్రి ఉంచొద్దు. మీ దోస్తు బంగారం లాంటివాడే. ఆ రూంలో ఉండే మిగతా ఏడుగురు మీకు తెలుసా? మగ స్నేహితుల సాయం కావాలంటే కారు నడపడానికి, స్కూల్ ఫీజు కట్టడానికి, భోజనం తేవడానికి అడగండి. సంతోషంగా చేస్తారు.

చాలామంది ఆలోచించని మార్గం ఇంకొకటి ఉంది. ఆసుపత్రికి భర్తే వెళ్ళాలని లేదు. పిల్లలు తండ్రిని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వని రకమైతే, ఆమెతో పక్కింటి ఆడమనిషి వెళ్ళి, మీరు పిల్లలతో ఇంట్లో ఉండొచ్చు. మా సైట్లో ఒక స్టోర్ కీపర్ తమ్ముడు అలాగే చేశాడు. "నేను పక్కన లేకపోతే ఎట్ల" అని ముందు గింజుకున్నాడు, కానీ వాళ్ళ ఆమే "నువ్వు పిల్లల కాడ ఉంటేనే నాకు నిమ్మళం" అందట. ఇది ఆడవాళ్ళని అడిగి తేల్చుకోవాల్సిన విషయం, మనం నిర్ణయించేది కాదు. ఆసుపత్రి లోపలికి ఎవరిని రానిస్తారో ముందే అడిగి పెట్టుకోండి. పాస్‌పోర్టులు, మ్యారేజ్ సర్టిఫికెట్, ఎమిరేట్స్ ఐడీ, ఇన్సూరెన్స్ కార్డు ఒకే ఫైల్‌లో పెట్టి తలుపు దగ్గర ఉంచితే ఎవరు వెళ్ళినా ఇబ్బంది లేదు.

ఇండియా నుంచి అమ్మనో అత్తమ్మనో రప్పించుకునేవాళ్ళు ఉన్నారు. అన్నిటికన్నా మంచి ఏర్పాటు అదే, కానీ లెక్క తప్పుతారు. విజిట్ వీసా 30 రోజులదో 60 రోజులదో ఉంటుంది. తేదీకి రెండు రోజుల ముందు టికెట్ తీస్తే, బిడ్డ తొందరపడితే ఆమె ఇంకా శంషాబాద్‌లో లగేజీ తూకం వేయించుకుంటూ ఉంటుంది. 60 రోజుల వీసా తీసి మూడు వారాల ముందు రప్పించండి, పుట్టాక ఇంకో నెల చేతికి సాయం ఉంటుంది. ఇంకో మాట. మా అమ్మ వచ్చినప్పుడు లిఫ్ట్‌లో ఏ బటన్ నొక్కాలో, ఫ్లాట్ నంబర్ ఏమిటో ఆమెకి తెలియదు. ఆమెకి హిందీ రాదు. ఆమె ఇంట్లో పిల్లలతో ఉన్నా, పక్క ఫ్లాట్‌లో ఒక మనిషికి సంగతి తెలిసి ఉండాలి. వచ్చిన రెండో రోజే ఇద్దరికీ పరిచయం చేయించండి, మీ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఇక కాగితం. పిల్లల్ని చూసుకునే మనిషికి ఒక పేజీ రాసి ఇవ్వాలి, వాట్సాప్‌లోనూ పంపాలి. స్కూల్ బస్ నంబరు, ఎన్నింటికి ఎక్కడికి వస్తుంది, మధ్యాహ్నం ఎక్కడ దింపుతుంది. జ్వరం వస్తే ఏ మందు, డాక్టర్ రాసిచ్చిన మోతాదు ఎంత. ఏది పడదు. మా బాబుకి వేరుశెనగ తింటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, కేరళ వంటలో ఉండదులే అనుకోకుండా అది అన్నిటికన్నా పైన, ఎర్ర పెన్నుతో రాశాం. పిల్లల ఇన్సూరెన్స్ కార్డు ఫొటో. స్కూల్లో క్లాస్ టీచర్‌కి ముందే రాసి ఇవ్వండి, ఫలానా వారాల్లో ఫలానా ఆమె పిల్లని తీసుకెళ్ళవచ్చు అని. మాట చెప్తే సరిపోదు, గేటు దగ్గర సెక్యూరిటీ మారుతుంటారు. చూసుకునేవాళ్ళు కారులో తిప్పుతారంటే చైల్డ్ సీటు కూడా వాళ్ళకి ఇవ్వాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి సీటు లేకపోతే జరిమానా 400 దిర్హాములు, పదేళ్ళ లోపు పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. సీటు మీ కారులో బిగించి ఉండి, ఆ కారు ఆసుపత్రి పార్కింగ్‌లో ఉంటే ఏం లాభం?

తాళం చెవి ఇంకోటి చేయించి ముందే ఇచ్చేయండి. వాచ్‌మన్‌కి కూడా చెప్పండి.

పిల్లలకి చెప్పడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మూడోసారి మా ఆమె ఆరు వారాల ముందే మొదలుపెట్టింది. "ఒకరోజు రాత్రి నువ్వు లేచేసరికి అమ్మ, నాన్న ఉండరు. చేచ్చి ఆంటీ సోఫాలో పడుకుని ఉంటుంది. అమ్మ ఆసుపత్రిలో ఉందన్నట్టు. పొద్దున ఫోన్ చేస్తా." ఇదే మాట, ఇదే వరసలో, వారానికి రెండుసార్లు. అయిదేళ్ళ పోరడు చివరికి మాకే అప్పజెప్పేవాడు. నిద్రపోతుంటే చప్పుడు చేయకుండా వెళ్ళిపోవడం తప్పు కాదు, ముందు చెప్పి ఉంటే. చెప్పకుండా వెళ్తేనే భయం పట్టుకుంటుంది. ఒక శుక్రవారం రాత్రి ఉత్తుత్తిగా చేసి చూశాం, చేచ్చి వచ్చి పడుకుంది, మేం కిందకి దిగి టీ తాగి గంటకి వచ్చాం. పోరడికి తెలివే రాలేదు. పాప మాత్రం లేచి చేచ్చిని చూసి నీళ్ళు తాగి పడుకుందట. తొమ్మిదేళ్ళ పాపకి ఇంకో సంగతి చెప్పాం: తమ్ముణ్ణి చూసుకోవడం నీ పని కాదు, ఆంటీ పని. నువ్వు నీ స్కూల్ చూసుకో. పెద్దపిల్ల ఉందిగా అని బరువంతా దాని మీద వేయడం మన ఇళ్ళల్లో అలవాటు.

సైట్ సంగతి. నేనూ సూపర్‌వైజర్‌నే కాబట్టి అవతలి వైపు నుంచి చెప్తా. మా దగ్గరికి అర్ధరాత్రి వచ్చి "సార్, నేను పోవాలె" అంటే ఎవరూ ఆపరు, కానీ మీ చేతిలో పనికి వేరే మనిషి లేకపోతే గంట పోతుంది. నెల ముందే చెప్పండి. నైట్ షిఫ్ట్ మార్పించుకోండి, లేదంటే మీ పని తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకోండి. సేఫ్టీ పేరుతో ఫోన్ లాకర్లో పెట్టించే సైట్ అయితే ఫోర్‌మన్ నంబర్ ఇంట్లో ఇవ్వండి. యూఏఈలో ప్రైవేట్ కంపెనీల్లో తండ్రికి జీతంతో అయిదు పని దినాల సెలవు ఉంది, బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆర్నెల్ల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. చాలామంది అడగనే అడగరు. అయిదూ ఒకేసారి తీసుకోవద్దని నా సలహా, ఆసుపత్రి రోజులకి రెండు, ఆమె ఇంటికొచ్చాక మూడు. పెద్దపిల్లలకి తండ్రి కావాల్సింది ఆ మూడు రోజుల్లోనే.

ఏదీ కుదరక, ఎవరూ దొరక్క, పిల్లలతోనే బయల్దేరాల్సి వస్తే? స్వెట్టర్, నీళ్ళు, తినేది, చార్జర్ తీసుకుని బయల్దేరండి. లోపలికి ఆమె వెళ్తుంది, బయట మీరు పిల్లలతో ఉంటారు, అంతే. ఆమెకి అది ముందే చెప్పి ఉంచండి. నొప్పులు మరీ దగ్గరైపోయి ముక్కుతోందంటే కారు తీయొద్దు, 998కి ఫోన్ చేయండి. సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999.

ఇప్పటిదాకా చెప్పింది కుటుంబం ఇక్కడ ఉన్నవాళ్ళకి. నెలకి నాలుగు వేల దిర్హాములు, లేదా మూడు వేలతో పాటు కంపెనీ ఇల్లు ఉంటేనే ఫ్యామిలీ వీసా. వినేవాళ్ళలో ఎక్కువమంది క్యాంపుల్లో ఉన్నవాళ్ళు, ఇంటామె జగిత్యాలలోనో కడపలోనో ఉంటుంది. అక్కడ మనుషులకి కరువు లేదు గదా అనుకుంటాం. అక్కడి చిక్కు వేరే. నొప్పులు మొదలవగానే అత్తమ్మ, ఆడబిడ్డ, మామ అందరూ ఆటో ఎక్కి ఆసుపత్రికి పోతారు, పెద్దపిల్లాడు ఎవరి దగ్గర ఉన్నాడో ఎవరికీ గుర్తుండదు. ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. బావులు, పొయ్యి మీద వేడినీళ్ళు, మూల నిలబెట్టిన పురుగుమందు డబ్బాలు, ఇవన్నీ ఉన్న ఇళ్ళు మనవి. మీరు ఫోన్లో చేయగలిగిన పని ఇదే: ఒక మనిషి పేరు పెట్టి తేల్చండి. "చెల్లె, నువ్వు ఆసుపత్రికి పోకు. బాబు దగ్గరే ఉండు. నీ పని అదే" అని. ఆ మనిషికి విడిగా కొంచెం డబ్బు పంపండి, పాలకీ బిస్కెట్లకీ ఎవరినీ అడగకుండా. 108, 102 నంబర్లు ఇంట్లో అందరి ఫోన్లలో ఉన్నాయో లేదో అడగండి.

ఆ రాత్రి మీరూ మేలుకుని ఉంటారు, నాకు తెలుసు. అప్పుడు ఇండియా టైం దుబాయ్ కన్నా గంటన్నర, సౌదీ, కువైట్, ఖతర్ల కన్నా రెండున్నర గంటలు ముందు ఉంటుంది. పెద్దపిల్లాడు ఏడింటికి లేచేసరికి వీడియో కాల్ చేయండి, ఆసుపత్రివాళ్ళకి చేసే ముందు వాడికి. మీ ఆమె పుట్టింటికి వెళ్తుందంటే పెద్దపిల్లల బడి సంగతి కూడా ముందే తేలాలి. పరీక్షలుంటే నాయనమ్మ దగ్గర ఉంచాలా, వెంట తీసుకెళ్ళాలా? బడిపిల్లలకి నెలలకొద్దీ అమ్మకి దూరం కన్నా నాలుగు వారాల బడి పోవడమే నయమని నాకనిపిస్తుంది, మీ ఇంట్లో అందరూ ఒప్పుకోకపోవచ్చు. మీరు సెలవు మీద పోయేటట్టయితే తేదీకి ముందు కాకుండా, పుట్టిన కబురు అందాక టికెట్ తీయండి. తేదీకి పోయి కూర్చుని, పది రోజులు ఆలస్యమైతే సెలవంతా ఎదురుచూడ్డంలోనే అయిపోతుంది, బిడ్డ ఇంటికొచ్చే రోజున మీరు ఎయిర్‌పోర్టులో ఉంటారు.

2022 నవంబర్లో మాకు ఏం జరిగిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు. రాత్రి మూడింటికి చేచ్చికి ఫోన్ చేశాం, రెండో రింగుకి ఎత్తింది. నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చి సోఫాలో పడుకుంది. అయిదున్నరకి చిన్నపాప పుట్టింది. పెద్దపాప ఆరింటికి లేచి, పుట్టు, కడలకూర తిని, స్కూల్ బస్ ఎక్కి పోయింది. బాబు మాత్రం ఫోన్లో నన్ను ఒకటే అడిగాడు, "ఆంటీ రేపు కూడా వస్తదా?"

చేచ్చి వాళ్ళు పోయిన ఏడాది త్రిసూర్‌కి తిరిగి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ ఫ్లాట్‌లో నిజామాబాద్ దంపతులు, ఆమెకి ఏడో నెల, పెద్దబాబుకి రెండేళ్ళు. వాళ్ళ ఇంటి తాళం చెవి ఒకటి మా తలుపు వెనక మేకుకి వేలాడుతుంది, నా ఫోన్ రాత్రిళ్ళు సౌండ్ మీదే ఉంటుంది.